ఆంత్రోపాలజీ ఆప్షనల్: మా ఇంటి వరుసలు గీసిన నా అనుభవం

నేను చదివింది ఇంజనీరింగ్. హన్మకొండలో రూమ్ తీసుకుని సివిల్స్‌కు ప్రిపేర్ అవుతూ ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) ఆప్షనల్ పెట్టుకున్నా, సిలబస్ చిన్నదని అందరూ అంటే నమ్మి. మొదట్లో బాగానే నడిచింది. 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ అనే ఆదిమ జీవి అస్థిపంజరం, దాదాపు 32 లక్షల ఏళ్ల కిందటి ఎముకలు, రెండు కాళ్ల నడక, ఇవన్నీ బొమ్మలు చూసి గుర్తుపెట్టుకోవచ్చు. బంధుత్వం చాప్టర్ దగ్గర బండి ఆగింది. క్రాస్ కజిన్, ప్యారలల్ కజిన్... ఎన్నిసార్లు చదివినా తలకెక్కదు, రెండు వారాలు పోయాయి, టెన్షన్ వేరే.

అప్పుడు రివర్స్ అనే బ్రిటిష్ ఆంత్రోపాలజిస్టు గురించి చదివా. 1898లో ఆస్ట్రేలియా దగ్గరి టోరెస్ జలసంధి దీవులకు, ఆ తర్వాత నీలగిరుల్లో తోడా తెగవాళ్ల దగ్గరికి వెళ్లినాయన. ముందు పేర్లు అడిగి వంశవృక్షం గీసుకోవాలి, తర్వాతే ఎవరిని ఏమని పిలుస్తారో అడగాలి, ఇదీ ఆయన పద్ధతి. సరే అని నర్సంపేట దగ్గర అమ్మమ్మ ఊరికి పోయి చార్టు పరిచా. మగవాళ్లకు త్రికోణం, ఆడవాళ్లకు సున్నా, పెండ్లికి ఈక్వల్ గుర్తు, పోయినవాళ్ల మీద అడ్డగీత.

“ముగ్గేస్తున్నవా బిడ్డా?” అంది అమ్మమ్మ.

పది నిమిషాల్లో ఇరుక్కున్నా. అమ్మమ్మను చేసుకున్నది ఆమె సొంత మేనమామే. అంటే తాతయ్య అక్కే అమ్మమ్మకు తల్లి, ఆమె మా అమ్మకు ఒక దిక్కు నుంచి అమ్మమ్మ, ఇంకో దిక్కు నుంచి మేనత్త. అడ్డంగా ఉండాల్సిన పెండ్లి గుర్తు ఏటవాలుగా పోయింది, చెరిపి చెరిపి పేపర్ చిరిగింది. మరి ఏమని పిలిచేదానివని అమ్మకు ఫోన్ చేసి అడిగితే, “అమ్మమ్మా అనే, ఇంకేమంటర?” అంది.

ఆ చిరిగిన పేపర్ మీదే చాప్టర్ అర్థమైంది. చిన్నాయన పిల్లలు, చిన్నమ్మ పిల్లలు నాకు అన్నదమ్ములు, అంటే ప్యారలల్. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు బావలు, అంటే క్రాస్. ఇంగ్లిషోళ్లకు అందరూ కజిన్లే కాబట్టి ఇంత పెద్ద పేర్లు కావాల్సొచ్చాయి. మనకు మేనత్తా అత్తే, పెండ్లయ్యాక మొగుని తల్లీ అత్తే. మోర్గాన్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్టు 1871లో అచ్చేసిన వరుసల పట్టికల్లో తెలుగు వరుసలు కూడా ఉన్నాయట, నేను రెండు వారాలు కొట్టుకున్నది వాటి కోసమే!

చార్టు మడుస్తుంటే అమ్మమ్మ ఆపింది. వెనకింటి చాకలి మల్లన్నను ఎందుకు రాయలేదని. మనకు చుట్టం కాదు కదా అన్నా.

“నేను అన్నా అని పిలుస్త. రాయి.”

ఏ గీతా కలపకుండా మూలకు ఒక త్రికోణం వేశా.