ఏ బీ సీ డీ ఊళ్లు

బెజవాడకి నిజాం రైలు 1889లో వచ్చింది. అప్పటికే ఇక్కడ ఊరుంది, దుర్గమ్మ కొండ ఉంది, 1855లో కట్టిన ఆనకట్ట ఉంది. రైలే మనల్ని వెతుక్కుంటూ వచ్చిందన్నమాట. అమెరికాలో నెబ్రాస్కా మైదానాల కథ దీనికి పూర్తిగా రివర్స్.

అక్కడ 1870ల మొదట్లో బర్లింగ్టన్ రైలు కంపెనీ గడ్డి తప్ప ఏమీ లేని చోట పట్టాలు వేసుకుంటూ పోయి, దారి పొడవునా తనే స్టేషన్లు పెట్టి, వాటికి ఇంగ్లీషు అక్షరమాల వరసలో, సీ నుంచి ఎల్ దాకా, పేర్లు పెట్టేసింది: క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జునియాటా, కెనెసా, లోవెల్. హాస్టల్ గదులకి నంబర్లేసినట్టు! కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన భూములు బోలెడున్నాయి, వాటిని రైతులకి అమ్ముకోవాలి, ఆ రైతుల ధాన్యం మళ్లీ తన బండ్లలోనే వెళ్లాలి. పక్కా రియల్ ఎస్టేట్ బుర్ర.

మా మేనల్లుడు అక్కడే చదువుతున్నాడు, గ్రాఫ్టన్ ఫోటో పంపాడు. పట్టాల పక్కన ఆకాశమంత ధాన్యం గోడౌను, చుట్టూ నాలుగు ఇళ్లు, అంతే. ఊళ్లో రెండొందల మంది కూడా లేరట. చికాగో నుంచి కాలిఫోర్నియా వెళ్లే ప్యాసింజర్ రైలు ఆ పట్టాల మీదే పోతుంది కానీ అక్కడ ఆగదు.

నాకు మాత్రం జాలేసింది జునియాటా మీద. మొదట కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి దానికి, ముఖ్యపట్టణం అదే. పక్కనే ఈ వరసలో లేని హేస్టింగ్స్‌లో ఇంకో రైలు మార్గం వచ్చి కలిసింది, జంక్షన్ అయింది, ఆ 1870ల్లోనే ముఖ్యపట్టణం హోదా కూడా అటే పోయింది. జంక్షన్ పవరేంటో బెజవాడ వాళ్లకి ఒకరు చెప్పాలా!