మైకు చేతులు మారేటప్పుడు

కార్యక్రమం ఎలా జరిగిందని అడిగితే హాలులో కూర్చున్నవాళ్లు ఎవరు బాగా మాట్లాడారో, ఎవరు బాగా పాడారో చెబుతారు. నన్ను అడిగితే ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే లోపు ఏం జరిగిందో చెబుతాను. తలకు హెడ్‌సెట్ తగిలించుకుని, చేతిలో కాగితాలు పట్టుకుని, స్టేజీ పక్క తెర చాటున నిలబడే ఉద్యోగం నాది. మాట్లాడేవాళ్లకు మాట్లాడటం వచ్చు, పాడేవాళ్లకు పాడటం వచ్చు. వాళ్ల వల్ల కార్యక్రమం పాడవడం అరుదు. చెడేది మధ్యలోనే: మైకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడు, కరెంటు లైను నుంచి జనరేటరుకు మారేటప్పుడు, జనం బయటి నుంచి లోపలికో లోపలి నుంచి బయటికో కదిలేటప్పుడు.

నిర్వాహకులు నాకు పంపే జాబితాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆరు గంటలకు ప్రారంభం, ఆరూ అయిదుకు స్వాగతం, ఆరూ పదికి ముఖ్య అతిథి ప్రసంగం. కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. కానీ యాంకర్ పేరు పిలిచాక ఆ మనిషి మూడో వరుసలోంచి లేవాలి. పక్కవాళ్ల కాళ్లు దాటుకుని రావాలి. దారిలో ఇద్దరికి నమస్కారం పెట్టాలి, మెట్లు ఎటున్నాయో వెతుక్కోవాలి, పోడియం మీది మైకును తన ఎత్తుకు వంచుకోవాలి, జేబులోంచి కళ్లద్దాలు తీసుకోవాలి. అక్కడికి ఒక నిమిషం గడిచిపోతుంది. దిగడానికి ఇంకో అర నిమిషం. పది అంశాల కార్యక్రమంలో ఇలా పావుగంట ఎవరి ఖాతాలోనూ పడకుండా కరిగిపోతుంది. ఆలస్యం ఎందుకైందని చివరికి నన్నే అడుగుతారు.

అందుకే స్టేజీ మెట్ల పక్కన ఎప్పుడూ ఒక కుర్చీ వేయిస్తాను. తరువాత మాట్లాడబోయే వ్యక్తి, ముందున్నవారి ప్రసంగం ఇంకా నడుస్తుండగానే వచ్చి అందులో కూర్చోవాలి. పెద్ద హోదా ఉన్నవాళ్లు కొందరు దీనికి ముఖం చిట్లిస్తారు. ‘పేరు పిలిచాక వస్తాను కదా’ అంటారు. ‘మీ కోసం చప్పట్లు కొడుతున్నవాళ్లు మీరు స్టేజీ మీదికి చేరేసరికి ఆపేసి ఉంటే బాగుండదండి’ అంటాను. వెంటనే వచ్చి కూర్చుంటారు.

నా రన్‌షీట్‌లో, అంటే ఏ క్షణాన ఏం జరగాలో రాసుకున్న పట్టికలో, సమయం, అంశం పేరు ఉన్న గడులు సన్నగా ఉంటాయి. వెడల్పాటి గడులు వేరే ఉంటాయి: ఏ మైకు, ఏ లైటు, తెర మీద ఏముండాలి, అంతకు ముందు స్టేజీ మీద ఉన్నవాటిలో ఏం తీసేయాలి, ఎవరు తీస్తారు. చివరి గడిలో ఒక మనిషి పేరు ఉండాలి. ‘వాలంటీర్లు’ అని రాసి ఉంటే కొట్టేసి పేరు రాయిస్తాను. అందరూ పల్లకి ఎక్కేవాళ్లయితే మోసేవాళ్లెవరన్న సామెత పోడియం జరపాల్సిన క్షణంలో బాగా అర్థమవుతుంది. నలుగురు కుర్రాళ్లు తెర చాటున నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు, నృత్య బృందం పోడియం చుట్టూ తిరిగి ఆడుతుంది.

చేతులు మారడంలో జరిగిన పొరపాటును ప్రపంచమంతా చూసిన రోజు ఒకటుంది. 2017 ఫిబ్రవరి 26న ఆస్కార్ వేదిక మీద ఉత్తమ చిత్రంగా వేరే సినిమా పేరు చదివారు. ఆ బృందం స్టేజీ ఎక్కి ధన్యవాదాలు చెబుతుండగా తప్పు బయటపడింది. జాగ్రత్త కోసం అక్కడ ప్రతి కవరుకూ ఒక జంట కవరు ఉంటుంది. ఒక సెట్టు స్టేజీకి కుడివైపు, ఇంకో సెట్టు ఎడమవైపు. ఒకవైపు నుంచి కవరు వెళ్లగానే రెండోవైపు దాని జంటను పక్కన పెట్టేయాలి. ఉత్తమ నటి కవరు జంట అలాగే ఉండిపోయి, తరువాత వచ్చినవారి చేతిలోకి వెళ్లింది. చాలామంది దాన్ని కవర్లు అందించే మనిషి చేతిలోని ఫోను చూస్తూ ఏమరుపడటంగా చెప్పుకుని నవ్వుకున్నారు. నాకైతే అది అదనపు ఏర్పాటుకుండే ప్రమాదంగానే కనిపిస్తుంది. రెండోది ఉంచుకున్నామంటే, మొదటిది వాడిన క్షణంలో రెండోదాన్ని రద్దు చేసే మనిషి కూడా ఉండాలి. నేను పనిచేసే అవార్డు సభల్లో యాంకర్ చదివేసిన కార్డు వెంటనే నా చేతికి వస్తుంది, అడ్డంగా చింపి జేబులో వేసుకుంటాను. చూసేవాళ్లకు మొరటుగా ఉంటుంది, అయినా మానను.

ఇక మైకులు. యాంకర్ మైకు యాంకర్‌దే. దానికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది, ముఖ్య అతిథి అడిగినా అది ఇవ్వకూడదు. అతిథులకు పసుపు టేపు, ప్రేక్షకుల్లో తిరిగేదానికి నీలం. మైకుల శబ్దాన్ని పెంచి తగ్గించే మిక్సర్ మీద ఆ మైకుల మీటల కింద కూడా అవే రంగులు. సౌండ్ ఆపరేటర్ తలెత్తి స్టేజీని చూస్తే చాలు, ఏ మీట ఎత్తాలో తెలుస్తుంది. రంగులు లేకపోతే ‘ఆ చేతిలో ఉన్నది మూడా, నాలుగా?’ అని హెడ్‌సెట్‌లో అడుగుతూ ఉండగా మొదటి వాక్యం మూగబోతుంది.

మైకును పట్టుకోవడం ఎవరికైనా వస్తుందనుకుంటాం. కొందరు దాని జాలీ తలను గుప్పిట్లో మూసేస్తారు. అప్పుడు అది అన్ని వైపుల నుంచీ శబ్దాన్ని లాక్కుంటుంది, స్పీకర్ల నుంచి వచ్చే గొంతు మళ్లీ మైకులోకే వెళ్లి కూత మొదలవుతుంది. వైర్‌లెస్ మైకు అడుగుభాగాన్ని గట్టిగా పట్టుకునేవాళ్లు అక్కడున్న యాంటెన్నాను కప్పేస్తారు, మాట తెగితెగి వినిపిస్తుంది. మధ్యలో పట్టుకోమని, గడ్డానికి దగ్గరగా ఉంచమని, స్పీకర్ల ముందుకు నడవొద్దని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే చెప్పేస్తాను. కాలర్ మైకుతో వేరే తంటా. దాని పెట్టె తగిలించడానికి బెల్టో జేబో ఉండాలి, కాబట్టి ఏ దుస్తులు వేసుకొస్తున్నారో ముందే అడగాలి. మెడలో గొలుసు ఉంటే ప్రతి కదలికకూ టకటకమని దానికి తగులుతుంది. బ్యాటరీల విషయంలో నేను పిసినారితనాన్ని సహించను: కార్యక్రమానికి ముందు కొత్తవి వేయాల్సిందే. సగం ఉన్న బ్యాటరీలు గడియారాలకు పనికొస్తాయి.

సౌండ్ పరీక్ష ఖాళీ హాలులో చేస్తాం, వినేది నిండిన హాలులో. మనుషుల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి మధ్యాహ్నం గింగురుమన్న హాలు సాయంత్రానికి మందగిస్తుంది. వెనక వరుసలకు వినపడటం లేదని ఇంకో జత స్పీకర్లు తెచ్చి వెనక పెట్టమనే నిర్వాహకులు ఉంటారు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. స్టేజీ నుంచి 34 మీటర్లు రావడానికి దానికి సెకనులో పదో వంతు పడుతుంది, వైరులో సంకేతం మాత్రం అప్పటికప్పుడే చేరుతుంది. ఆ పదో వంతు ఆలస్యాన్ని వెనక స్పీకర్లకు కావాలని కలపకపోతే అక్కడివాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. శబ్దం పెంచినకొద్దీ ఆ గజిబిజి కూడా పెరుగుతుంది.

కరెంటు లెక్క చిన్న తరగతి గుణకారం. 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్ల లైను మోయగలిగేది 3,680 వాట్లు, గంటల తరబడి వాడే లోడు అందులో 80 శాతం దాటకపోవడం మేలు. ఇది తెలిసినవాళ్లు కూడా ఒకదాన్ని మరిచిపోతారు: తెర వెనక ఎవరో తెచ్చి పెట్టే వేడినీళ్ల కెటిల్. అదొక్కటే రెండు వేల వాట్లు లాగేయగలదు. సౌండ్‌కు లైను వేరు, లైట్లకు వేరు, మిగతా వాటన్నిటికీ ఇంకోటి. సౌండ్ లైను ప్లగ్గులకు ‘ముట్టవద్దు’ అని రాసి అంటిస్తాను. చుట్టకు చుట్టి ఉన్న వైరు డ్రమ్ము నుంచి భారీ లోడు తీస్తే లోపలి వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది. అయిదు మీటర్లే కావాల్సి ఉన్నా మొత్తం వైరు విప్పి పరచాలి. జనరేటరుకు మారే కొన్ని సెకన్లలో లైట్లు ఆరి వెలిగితే ఎవరూ పట్టించుకోరు. డిజిటల్ మిక్సరు, ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు మళ్లీ లేచి కూర్చోవడానికి పట్టే సమయమే అసలు నష్టం. కాబట్టి యూపీఎస్ వాటికి కావాలి.

స్లైడ్ల గురించి ఎక్కువ చెప్పను. అందరివీ ముందే తీసుకుని ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టాలి, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకుంటామంటే ఒప్పుకోకూడదు. ఫాంట్లు ఎగిరిపోతాయి కనుక పీడీఎఫ్ నకలు కూడా అడగాలి. వీడియో ఉంటే దాన్ని శబ్దంతో సహా చివరిదాకా నడిపి చూడాలి.

జనం దగ్గరికి వద్దాం, ఇక్కడ పొరపాటు అంటే నవ్వుకునే వ్యవహారం కాదు. టిక్కెట్టు చూసి ఒక మనిషిని లోపలికి పంపడానికి ఆరు సెకన్లు పడుతుందనుకుందాం. ఒక ద్వారం నిమిషానికి పదిమందిని పంపుతుంది. 1,200 మంది వస్తారు, అందులో చాలామంది ఆఖరి అరగంటలోనే వస్తారు. అరగంటలో అందరూ లోపలికి రావాలంటే నాలుగు ద్వారాలు కావాలి. రెండే తెరిస్తే కార్యక్రమం మొదలైన చప్పుడు వినబడే సమయానికి సగం మంది బయటే ఉంటారు, వెనకవాళ్లు ముందుకు తోయడం మొదలయ్యేది అప్పుడే. జనసమ్మర్ద ప్రమాదాలను అధ్యయనం చేసిన జాన్ ఫ్రుయిన్, చదరపు మీటరుకు ఏడుగురు చేరితే గుంపు దాదాపు ద్రవంలా ప్రవర్తిస్తుందని రాశాడు. అందులో ఉన్న మనిషికి తన కాళ్ల మీద అధికారం ఉండదు. 2010 జులై 24న జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో లవ్ పరేడ్ సంగీతోత్సవానికి వచ్చేవాళ్లకూ వెళ్లేవాళ్లకూ ఒకే ర్యాంపు దారి అయింది. 21 మంది చనిపోయారు. వచ్చే దారి, పోయే దారి వేరుగా ఉండాలని నేను పట్టుబట్టినప్పుడు, ‘రెండో గేటుకు మనుషులు లేరు’ అనే జవాబు వస్తుంది. మనుషులు లేకపోతే టిక్కెట్లు తక్కువ అమ్మండి.

అగ్నిప్రమాద ద్వారాల సంగతి కూడా ఇదే కోవలోది. మనిషి కంగారులో తను వచ్చిన దారినే వెతుక్కుంటాడు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక నైట్‌క్లబ్‌లో బాణసంచా వల్ల మంటలు లేస్తే, వేరే ద్వారాలు ఉన్నా ఎక్కువమంది ముందు గుమ్మం వైపే వెళ్లి అక్కడే ఇరుక్కున్నారు. మొత్తం వందమంది ప్రాణాలు పోయాయి. ఆకుపచ్చ బోర్డు వెలుగుతోంది కదా అని సరిపెట్టుకోకుండా ప్రతి ద్వారం దగ్గరా ఒక మనిషిని నిలబెట్టాలి. ప్రారంభంలోనే యాంకర్ చేత ఆ ద్వారాలు ఎటున్నాయో చెప్పించాలి. కుర్చీలు చాలక ఆ దారిలో అదనపు వరుస వేయమన్నప్పుడు ఒప్పుకోకూడదు, అడిగింది ఎవరైనా సరే.

ఆరుబయట కార్యక్రమమైతే ఇంకో ప్రశ్న ఉంది: ఆపమని ఎవరు చెప్పాలి? 2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా రాష్ట్ర ప్రదర్శనలో గాలివానకు స్టేజీ పైకప్పు నిర్మాణం కూలి ఏడుగురు మరణించారు. కార్యక్రమాన్ని ఆపే అధికారం ఎవరిదన్న స్పష్టత లేకపోవడం తరువాతి విచారణలో బయటపడిన లోపాల్లో ఒకటి. నా రన్‌షీట్ మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, ఆ మనిషి పేరు, ఫోను నంబరు ఉంటాయి. దాని కింద ఎంత గాలికి తెరలు దించాలో, ఎంతకి జనాన్ని పంపేయాలో స్టేజీ కట్టినవాళ్లు ఇచ్చిన అంకెలు. మబ్బు పట్టాక వీటి మీద చర్చ పెట్టుకుంటే డబ్బు పెట్టినవాళ్ల గొంతే గెలుస్తుంది.

హెడ్‌సెట్‌లో మాటలు తక్కువగా ఉండాలి. ప్రతి సూచనా రెండు మెట్లుగా వెళుతుంది: ముందు ‘లైట్లు సిద్ధం’, ఆ లైట్ల మనిషి ‘సిద్ధం’ అన్నాక అసలు ఆజ్ఞ. జవాబు రాకపోతే వినలేదనే లెక్క. ఆలస్యమైనప్పుడు వదిలేయదగ్గ అంశాలు ఏవో నిర్వాహకులతో ముందురోజే మాట్లాడి పెన్సిలుతో చుక్క పెట్టుకుంటాను. వాద్యబృందాన్ని మాత్రం ఆ జాబితాలో చేర్చను. డ్రమ్స్ చుట్టూ మైకులు అమర్చి ఒక్కొక్కటి సరిచూడటానికే పావుగంట పైన పడుతుంది, దాన్ని ముందుకో వెనక్కో జరపడం కుదరదు. విరామం తరువాత పెట్టుకుంటే తెర దించి ప్రశాంతంగా అమర్చుకోవచ్చు.

అంతా అయ్యాక మిగిలేది విప్పడం. అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు, ఎవరికి వారే ఇంటికి పోవాలనుకుంటారు, దెబ్బలు తగిలేది అప్పుడే. పొద్దున బిగించినవాళ్లే అర్ధరాత్రి విప్పాలనడం అన్యాయం, ప్రమాదం కూడా. అందుకని రెండో బృందానికి ఖర్చు ముందే రాయించుకుంటాను. మైకులు మొదట లెక్కపెట్టి పెట్టెలో పెట్టించాలి, హాలు తాళాలు ఇచ్చేశాక వెతకడానికి వీలుండదు. కార్యక్రమంలో మొరాయించిన వైరుకు చివర ఒక ముడి వేస్తాం. ముడి ఉన్నది పెట్టెలోకి పోకూడదు, సీదా రిపేరు బల్ల మీదికి వెళ్లాలి. బాగయిందని చూసుకున్నాకే ఆ ముడి విప్పాలి.