కాటా మీద సున్నా

పరలోక ప్రార్థన నాకు రెండు భాషల్లో వచ్చు. తెలుగులో "మమ్మును శోధనలోకి తేక" అంటాం, శోధనంటే మాకు ముందుగా తట్టేది తప్పు చేయమని మనసుని లాగేది. ఒడియాలో ఆ చోట "పరీక్ష" అనే మాట ఉంటుంది. రాయగడలో ఒడియా మీడియం బడిలో చదివినదాన్ని, నాకు పరీక్ష అంటే మార్చిలో వచ్చేదే. మమ్మల్ని పరీక్షలోకి తేవద్దని చర్చి మొత్తం గట్టిగా అడుగుతుంటే, పెద్దవాళ్ళకి కూడా లెక్కలంటే భయమే అనుకునేదాన్ని. అంతమంది అడిగినా ఒక్క ఏడాదీ తప్పలేదు.

మొన్న యూత్ మీటింగ్‌లో ఒక అమ్మాయి అడిగింది: "ఆంటీ, చెడ్డ ఆలోచన వచ్చిందంటే పాపం చేసినట్టేనా?" కాదమ్మా, యేసుప్రభువు కూడా శోధింపబడ్డాడు కదా అని చెప్పేశాను. బైబిల్లోని హెబ్రీ పత్రికలో ఉంది: "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను." ఆ పిల్ల తలూపింది. ఇంటికొచ్చాక నా జవాబు నాకే నచ్చలేదు. చింతపండు సంగతి చెప్పకుండా దాటేశాను మరి.

మాది చింతపండు, కందులు కొనే చిన్న వ్యాపారం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సంతలో కూర్చుంటాం. ఆడవాళ్ళు చీకటితోనే బయల్దేరి, నెత్తిన మూటలతో కొండ దిగుతారు. మూట ఎనిమిది కిలోలో, పదో ఉంటుంది. ఒక ఏడాది ఎలక్ట్రానిక్ కాటా కొన్నాం. ఖాళీ బుట్ట పెట్టి మీట నొక్కితే సున్నా పడుతుంది. ఇక బుట్ట బరువు పోను సరుకు బరువే చూపిస్తుంది. మా పక్కన కూర్చునే ఒకాయన నన్ను చెల్లీ అని పిలుస్తాడు. ఒకరోజు చెప్పాడు: "చెల్లీ, మీట నొక్కేటప్పుడు బుట్టలో ఒక రాయి ఉంచు. సున్నా పడ్డాక తీసెయ్. రాయంత బరువు ప్రతి మూటలోనూ నీకే మిగుల్తుంది." రాయి తీశాక అంకె ముందు చిన్న గీత పడుతుందట. చదువు రానివాళ్ళకి ఆ గీత ఏం తెలుస్తుంది?

నవ్వేసి ఊరుకున్నాను. ఇక్కడిదాకా నా తప్పేమీ లేదు, ఏ పాస్టర్‌గారిని అడిగినా అదే చెప్తారు. ఆ మాటని నేను పిలవలేదు.

ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో అది మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోమన్నాను. కానుక కవరు తిప్పి వెనకాల లెక్క వేశాను. సంతకి 60 మూటలు, మూటకి 200 గ్రాములు, అంటే 12 కిలోలు. సీజన్‌కి పది సంతలు, 120 కిలోలు. కిలో 30 చొప్పున 3,600 రూపాయలు. పక్కనున్న మా అత్తగారిది సాలూరు. నా పెన్ను వైపు చూసి, "ఏటమ్మా, పెసంగం రాసుకుంతన్నావేటి?" అని గుసగుసగా అడిగింది. అవునన్నట్టు తలూపాను. అది ఇంకో పాపం, దాన్ని ఇందులో కలపను.

శోధన అనే మాటతో ఉన్న చిక్కేమిటంటే, అది రెండు పనులు చేస్తుంది. దానికి మూలమైన గ్రీకు మాట పెయిరాస్మోస్ కూడా అంతే: పరీక్షా అదే, ఆశ చూపి లాగడమూ అదే. దేవుడు అబ్రాహామును పరిశోధించాడని ఆదికాండం అంటుంది, దేవుడు ఎవనినీ శోధింపడని కొత్త నిబంధనలో పత్రిక రాసిన యాకోబు అంటాడు. ఆ యాకోబే అదే అధ్యాయం మొదట్లో, శోధనల్లో పడినప్పుడు మహానందమని ఎంచుకోమంటాడు. అది చెడ్డదే అయితే ఆనందించమనడు కదా. శోధింపబడటానికి యేసును అరణ్యానికి తీసుకెళ్ళింది కూడా దేవుని ఆత్మే. అక్కడ ఆయనకి ఆకలి వేసింది, రాళ్ళని రొట్టెలు చేసుకోమని అపవాది, అంటే సాతాను, ఆశ చూపాడు. ఆకలి పాపం కాదు, రొట్టె అసలే కాదు.

పోప్ ఫ్రాన్సిస్‌కి కూడా ఈ "తేవద్దు" అనే మాట నచ్చలేదు. శోధనలోకి నెట్టేది తండ్రి కాదని 2017లో అన్నారు. 2019లో ఇటాలియన్ ప్రార్థనలో, శోధనకి మమ్మల్ని వదిలేయకు అనే అర్థం వచ్చేలా మార్చడానికి ఒప్పుకున్నారు. నాకైతే పాత మాటే బాగుంది, ముఖ్యంగా ఆ "లోకి". సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో కూడా ప్రభువు శిష్యులతో శోధనలో ప్రవేశించకుండునట్లు ప్రార్థన చేయమన్నాడు. గుమ్మం దగ్గరికి రావడం వేరు, లోపలికెళ్ళి చాప వేసుకుని కూర్చోవడం వేరు.

మాది లూథరన్ చర్చి, మార్టిన్ లూథర్ బోధని పాటించేది. శోధన తగలడం వేరు, దానికి ఒప్పుకోవడం వేరు అని లూథర్ 1529లో పెద్ద కాటకిజం అనే తన బోధ పుస్తకంలో రాశాడు. ఎవరిని ఏది లాగుతుందో కూడా చెప్పాడు: కుర్రవాళ్ళని శరీరం, వయసు వచ్చినవాళ్ళని లోకం, భక్తి ముదిరినవాళ్ళని అపవాది. నేను రెండో వరసలో ఉన్నానని కవరు చూస్తే తెలుస్తుంది. అయితే మాలో ఒక మెలిక ఉంది. మనలో పుట్టుకతో ఉన్న ఆ చెడు వంపే నిజంగా పాపమని మా లూథరన్ల విశ్వాస ప్రకటన, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు అంటుంది. బాప్తిస్మం తర్వాత కూడా అది మిగులుతుంది, పాపం వైపు లాగుతుంది, కానీ అది నిజమైన అర్థంలో పాపం కాదని కేథలిక్కులు 1546లో ట్రెంట్‌లో జరిగిన తమ మహాసభలో తేల్చారు. మోహన అనే ఊళ్ళో టీచరుగా చేసే నా స్నేహితురాలు కేథలిక్కు. "మీవాళ్ళు మరీ కఠినం" అంటుంది. నా కవరు సంగతి తెలిస్తే మావాళ్ళే కరెక్టు అనేదేమో.

మోహపుచూపు చూస్తేనే మనసులో వ్యభిచరించినట్టు అని మత్తయిలో ఉన్న మాట ఎత్తి, ఆ అమ్మాయి నన్ను తేలిగ్గా ఇరికించగలిగేది. కానీ అక్కడ ప్రభువు తప్పన్నది కళ్ళ ముందు ఎవరో పడటాన్ని కాదు, కోరుకోవడం కోసం చూడటాన్ని. నాకు ఇంకా బాగా అర్థమయ్యేది యాకోబు వాడిన కాన్పు పోలిక: "దురాశ గర్భము ధరించి పాపమును కనగా". ఇద్దర్ని కన్నాను. కడుపున పడటానికీ కాన్పుకీ మధ్య చాలా నెలలుంటాయని నాకు తెలుసు. ఆ నెలల్లో తిండి పెట్టేది తల్లే. నా కవరు లెక్క ఆ నెలల్లోది. సంతలో పక్కాయన చెప్పిన మాట బయటిదే, తిండి పెట్టింది నేను.

కవరుతో ఆగలేదు కూడా. నాగావళి ఒడ్డుకి వెళ్ళి గుండ్రటి రాయి ఏరాను. అదే కాటా మీద తూచి, 200 గ్రాములకి దగ్గరగా వచ్చేదాకా నాలుగు రాళ్ళు మార్చాను. తర్వాతి సంత రోజు అది నా సంచిలోనే ఉంది.

ఆ ముందు రాత్రంతా కరెంటు లేదు. కాటాకి చార్జింగ్ ఎక్కలేదు. సంతలో ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు. మా ఆయన విసుక్కుంటూ ఇంటికెళ్ళి పాత తక్కెడ, ఇనప గుండ్లు తెచ్చాడు. మొదటి మూట తెచ్చిన ముసలావిడ తక్కెడ చూడగానే నవ్వి, ముల్లు మధ్యలో ఆగేదాకా వంగి చూసింది. ఆ సీజనంతా తక్కెడతోనే తూచాం, ఆవిడలాంటి వాళ్ళు అదే కావాలన్నారు.

అంటే నేను శోధనని జయించలేదు. బ్యాటరీ అయిపోయింది, అంతే. అదే ప్రార్థనలో "తప్పించుము" అని అడిగినదానికి జవాబు అలా కూడా వస్తుందేమో. వచ్చే ఆదివారం ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాలి, తర్వాత నన్ను ఆంటీ అని పిలుస్తుందో లేదో.

రాయి ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. మా అత్తగారు దాన్ని ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది. ఎక్కడిదని ఇంతవరకూ అడగలేదు.