మా మాస్టారి మాస్టారు

ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు సంపాదకవర్గం వారు "మీ వీణ రోజుల గురించి" అన్నారు. ఆదిభట్ల వారి గురించి, ద్వారం వారి గురించి, ఘంటసాల, సుశీల మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న కాలం గురించి నాకన్నా బాగా రాయగల పెద్దలు ఎలాగూ ఉన్నారు. అందుకని నేను ఒక అమెరికన్ గిటారిస్టు గురించి రాస్తున్నాను. ఆయన పేరు మిక్ గుడ్రిక్. జాజ్ వాయించేవారు, అంతకన్నా ఎక్కువగా జాజ్ నేర్పేవారు. నేను ఆయన్ని చూడలేదు. బోస్టన్‌లో నాకు గిటార్ చెప్పిన మాస్టారు ఆయన దగ్గర నేర్చుకున్నారు. మన లెక్కలో ఆయన నాకు పరమగురువు అవుతారు.

గుడ్రిక్ 1945లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో షారన్ అనే ఊళ్లో పుట్టారు. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివి, 1967లో చదువు ముగించి, తర్వాత అక్కడే పాఠాలు మొదలుపెట్టారు. చదువుకున్న చోటే పంతులు కావడం మనకు కొత్త కాదు. ద్వారం వెంకటస్వామినాయుడు గారైతే 1919లో విద్యార్థిగా చేరదామని మన కళాశాలకు వచ్చి వయొలిన్ ఆచార్యుడిగా చేరిపోయారు. గుడ్రిక్ కథలో అంత నాటకీయత లేదు. ఆయన నెమ్మది మనిషి అనే విన్నాను, వాయింపు కూడా అలాగే ఉంటుంది.

1973లో ఆయనకు పెద్ద వేదిక దొరికింది. గ్యారీ బర్టన్ అప్పటికే వైబ్రఫోన్ (లోహపు పలకల మీద కర్రలతో కొట్టి వాయించే వాద్యం) మీద పేరు మోసిన విద్వాంసుడు. నాలుగు కర్రలు రెండు చేతుల్లో పట్టుకుని వాయించేవాడు. ఆయన కొత్త బృందంలో గిటార్ గుడ్రిక్‌ది. ఆ ఏడాది వచ్చిన రికార్డు పేరే "ద న్యూ క్వార్టెట్". మరుసటి ఏడు "రింగ్" రికార్డు చేసినప్పుడు బృందంలోకి ఇంకో కుర్ర గిటారిస్టు వచ్చాడు. అతను పాట్ మెథినీ. ఒక బృందంలో రెండు గిటార్లు, రెండు బేస్‌లు, పైన వైబ్రఫోన్. కాగితం మీద చూస్తే గందరగోళం అనిపిస్తుంది, వింటే ఎవరూ ఎవరికీ అడ్డు రారు. ఇద్దరు గిటారిస్టుల్లో ఎవరెప్పుడు వాయిస్తున్నారో కనిపెట్టడం నాకు చాలా రోజులు ఒక సరదా. మెరుపు మెథినీది. ఆ మెరుపు కింద స్వరాలను నింపాదిగా సర్దుతున్న చెయ్యి గుడ్రిక్‌ది.

తర్వాత సంగతి తెలిసిందే. మెథినీ ప్రపంచమంతా తిరిగి పెద్ద పెద్ద హాళ్లు నింపాడు. గుడ్రిక్ 1970ల మధ్యలో బర్టన్ బృందం వదిలి, బోస్టన్‌లో పాఠాల మీదే ఎక్కువ కాలం గడిపారు. వాయించడం మానేశారని కాదు. 1979లో ఈసీఎం అనే రికార్డుల సంస్థ ఆయన సొంత పేరు మీద "ఇన్ పాసింగ్" విడుదల చేసింది. సాక్సఫోన్ జాన్ సర్మన్, బేస్ ఎడ్డీ గోమెజ్, డ్రమ్స్ జాక్ డిజానెట్ పక్కన ఉన్నారు. సొంత రికార్డు కదా, గిటార్ ముందుకు దూకుతుందని ఎదురుచూసి విన్నాను. సర్మన్ సాక్సఫోన్‌కే సగం చోటు ఇచ్చేశారు. బేస్ వాయించే ఛార్లీ హేడన్ నడిపిన లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాతో 1983లో వచ్చిన "ద బ్యాలడ్ ఆఫ్ ద ఫాలెన్"లోనూ అంతే. స్పెయిన్ అంతర్యుద్ధ కాలపు పాటలున్న ఆ రికార్డులో అన్ని ఊదుడు వాద్యాల మధ్య ఆయన గిటార్ వెతికి పట్టుకుని వినాలి. నాకు మాత్రం ఆ వెతకడమే ఇష్టం.

ఇక నా గోల. వీణ డిప్లొమా అయ్యాక ఉద్యోగం మీద బోస్టన్ చేరాను. వీణ తీసుకెళ్లలేదు. విమానం లగేజీలో పనస కర్ర బుర్ర పగులుతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. అక్కడ చేతికి ఏదో ఒక తీగ వాద్యం కావాలి కాబట్టి పాత గిటార్ ఒకటి కొన్నాను. దాంతోపాటు విలియం లీవిట్ రాసిన "మోడర్న్ మెథడ్" కూడా. 1966లో మొదటి భాగం వచ్చిన ఆ పుస్తకం బర్క్‌లీ గిటార్ విభాగానికి బాలశిక్ష లాంటిది. లీవిట్ ఆ విభాగానికి దశాబ్దాల పాటు అధిపతి. పుస్తకం గొప్పదే, క్రమశిక్షణ ఉన్నది. ఎడమ చెయ్యి ఒకచోట నిలిపి, నాలుగు వేళ్లకు నాలుగు మెట్లు పంచి, ఆరు తీగల మీద అడ్డంగా పోతూ స్వరాలు వాయించాలి. గిటార్ వాళ్లు దీన్ని "పొజిషన్" అంటారు. నా వేళ్లకు ఇది ఎంతకీ ఎక్కలేదు. మెట్ల వెంట నిలువునా జారడం అలవాటైన చెయ్యి కదా.

బర్క్‌లీ ఉన్న మసాచుసెట్స్ అవెన్యూ మీదే కాస్త ముందుకెళ్తే వాలీస్ అనే చిన్న జాజ్ క్లబ్బు ఉంది. 1947 నుంచి నడుస్తోంది. కాలేజీ పిల్లలు అక్కడే వేదికెక్కి రాటుదేలతారు. మాస్టారి పరిచయం అక్కడే. నేను వీణ మనిషినని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. మొదటి పాఠానికి వెళ్తే గిటార్‌కి ఐదు తీగలు పక్కన పెట్టమన్నారు. తెంపమని కాదు, ముట్టుకోవద్దని. ఒక్క తీగ మీద, షార్పులూ ఫ్లాట్లూ లేని ఏడు స్వరాలతో, పైకీ కిందికీ తోచింది వాయించమన్నారు. వెనక ఒకే శ్రుతి మోగుతూ ఉంటుంది.

అది గుడ్రిక్ పాఠం. 1987లో ఆయన రాసిన "ది అడ్వాన్సింగ్ గిటారిస్ట్" పుస్తకం ఇక్కడే మొదలవుతుంది. గిటార్ పుస్తకాలు చేయించే పని అంతా అడ్డంగానే ఎందుకు, తీగ నిలువునా ఉంటే చెయ్యి నిలువునా ఎందుకు పోకూడదు అన్నది ఆయన ప్రశ్న. ఒక తీగ మీద ఏ స్వరానికి ఏ స్వరం ఎంత దూరమో కంటికి కనబడుతుంది, వేలికి తెలుస్తుంది. ఆరు తీగల మీద అడ్డంగా పోయేటప్పుడు ఆ దూరాలన్నీ దాగిపోతాయి. ఆ ఒంటి తీగ సాధనకు ఆయన "యూనిటార్" అని సరదా పేరు పెట్టారు. చాలామంది అమెరికన్ కుర్రాళ్లకు ఇది శిక్షలా ఉంటుందట. ఎంత వేగంగా వాయించేవాడైనా ఇక్కడ చతికిలబడతాడు, ఎందుకంటే వేళ్లకు కంఠతా వచ్చిన గతులేవీ పనిచెయ్యవు.

నాకు నవ్వొచ్చింది. మన దగ్గర వీణ పట్టిన మొదటి రోజు చేసేది అదే కదా. సారణి, అంటే మొదటి తీగ, మీటి షడ్జం, అక్కడి నుంచి మెట్టు మెట్టూ ఎక్కుతూ పన్నెండో మెట్టు దగ్గర తారషడ్జం. సరళీ వరుసలన్నీ ఆ ఒక్క తీగ మీదే. వీణకు పేరుపడ్డ వాసా వారి సంప్రదాయంలో వచ్చిన మా వీణ మేడమ్‌గారు పక్క తీగ మీదికి వేలు పోతే ఊరుకునేవారు కాదు.

మోడ్‌ల దగ్గరా అదే జరిగింది. అవే ఏడు స్వరాలు ఉంచి, కింద మోగే ఆధారం మాత్రం మార్చుకుంటూ పోతారు గుడ్రిక్. సి అనే స్వరం నుంచి మొదలుపెడితే ఒక మోడ్, దాని పక్క స్వరం డి నుంచి ఇంకొకటి. మన గ్రహభేదమే. శంకరాభరణం రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఖరహరప్రియ, గాంధారాన్ని చేసుకుంటే తోడి, మధ్యమం నుంచి కల్యాణి, పంచమం నుంచి హరికాంభోజి, దైవతం నుంచి నటభైరవి. నిషాదం నుంచి మొదలుపెడితే శుద్ధ పంచమం దొరకదు కాబట్టి మనం అక్కడ ఆగిపోతాం. వాళ్లు ఆగరు. దానికి లోక్రియన్ అని పేరు పెట్టి దాని మీద కూడా గంటలకొద్దీ వాయిస్తారు. మాస్టారికి ఈ పట్టిక రాసి చూపిస్తే దాన్ని మడిచి గుడ్రిక్ పుస్తకంలో పెట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన విద్యార్థులందరికీ చూపించారని విన్నాను.

ఇంతవరకూ నేనేదో అన్నీ తెలిసిన దానిలా కూర్చున్నాను. తర్వాత పాఠం హార్మొనీ, అంటే స్వరాలను కలిపి ఒకేసారి మోగించే విద్య. అక్కడ మన చదువు అక్కరకు రాలేదు.

గుడ్రిక్‌కి అన్నిటికన్నా ఇష్టమైన విషయం వాయిస్ లీడింగ్. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వెళ్లేటప్పుడు చెయ్యంతా ఎత్తి గెంతకుండా, ఒక్కో స్వరం తనకు దగ్గరున్న స్వరానికే జరగాలి. మన స్వరాల్లో చెప్తాను. స-గ-ప కలిపి మోగిస్తే ఒక కార్డ్. మ-ద-స ఇంకో కార్డ్. మొదటిదాని నుంచి రెండోదానికి పోవాలంటే షడ్జం ఉన్నచోటే ఉంటుంది, గాంధారం ఒక అడుగు వేసి మధ్యమం అవుతుంది, పంచమం ఒక అడుగు వేసి దైవతం అవుతుంది. ముగ్గురు మనుషులు పక్కపక్కన నడుస్తుంటే ఎవరి దారి వాళ్లకున్నట్టే, మూడు స్వరాలూ మూడు పాటలు పాడుతుంటాయి. వినడానికి తేలిక. వేళ్లకు మాత్రం నరకం, ఎందుకంటే గిటార్‌లో ఒకే స్వరం నాలుగైదు చోట్ల ఉంటుంది. ఎక్కడ పట్టుకుంటే తర్వాతి అడుగు అందుతుందో ముందే చూసుకోవాలి.

గుడ్రిక్ ఇవన్నీ "మిస్టర్ గుడ్‌కార్డ్స్ ఆల్మనాక్" అనే పేరుతో సంపుటాలుగా రాసి పెట్టారు. తెరిస్తే పాట కనబడదు, కథ కనబడదు, పేజీల నిండా కార్డ్‌ల చక్రాలు. రెండేసి స్వరాల దూరంలో పోయే చక్రం, మూడేసి, నాలుగేసి, అలా ఏడు వరకు. మేజర్ స్కేల్‌లో ఒకసారి, మెలోడిక్ మైనర్‌లో, హార్మోనిక్ మైనర్‌లో మళ్లీ మొదటి నుంచి. పంచాంగంలా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇంత ఓపిక ఎవరికుంటుందని అనుకున్నాను. తర్వాత వేంకటమఖి గుర్తొచ్చారు. ఎన్నిటిని ఎవరు పాడతారన్న లెక్క పెట్టుకోకుండా, మన రాగాలకు మూలమైన ఏడు స్వరాల వరుసలు, అంటే మేళాలు, వీలైనవన్నీ డెబ్బై రెండుగా రాసి పెట్టినాయన. వాయించేవాడు కావలసింది ఏరుకుంటాడు, రాసేవాడు మాత్రం ఒక్కటీ వదలకూడదు.

గుడ్రిక్ పుస్తకాల్లో నాకు నచ్చిందీ, మొదట్లో చిరాకు తెప్పించిందీ ఒకటే. జవాబు ఇవ్వరు. ఒక ఉదాహరణ చూపించి, మిగతావి నువ్వే వెతుక్కో అని వదిలేస్తారు. ఫలానా చోట ఫలానా గతి వాయించు అన్న మాట ఎక్కడా ఉండదు. మా మాస్టారూ అలాగే. ఏదైనా అడిగితే ఇంకో ప్రశ్న వేస్తారు. ఫీజు కట్టి ప్రశ్నలు కొనుక్కుంటున్నానని ఇంట్లో అంటే అందరూ నవ్వారు.

దీని ఫలితం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లను వింటే అర్థమవుతుంది. జాన్ స్కోఫీల్డ్, బిల్ ఫ్రిసెల్, మైక్ స్టర్న్, ఆస్ట్రియా నుంచి వచ్చిన వోల్ఫ్‌గాంగ్ ముట్‌స్పీల్, ఈ తరంలో జూలియన్ లాజ్. స్కోఫీల్డ్ గిటార్‌లో బ్లూస్ గరుకు ఉంటుంది. ఫ్రిసెల్ ఒక స్వరం మీటి అది కరిగిపోయే వరకు ఆగుతాడు. స్టర్న్ రాక్ వాడిలా దూసుకుపోతాడు. ఒకరు ఇంకొకరిలా ఉండరు, ఎవరూ గుడ్రిక్‌లా ఉండరు. మనకు బాణీ ముఖ్యం. శిష్యుడి చేతిలో గురువు వినబడితే పొంగిపోతాం. నేనూ పొంగిపోయినదాన్నే. అయితే మన దగ్గర బాణీ పేరు చెప్పి కొందరు పిల్లల చేత పదేళ్లు నకలు చేయించడం చూశాను. ఆ పిల్లల్లో సగం మంది వాద్యం వదిలేశారు. ఈ మాట మన సంచికలో రాయొచ్చో లేదో తెలియదు, రాసేశాను.

గుడ్రిక్ బర్క్‌లీలోనే కాక, దానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలోనూ పాఠాలు చెప్పారు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బు. 2022 నవంబరు 16న పోయారు. డెబ్బై ఏడేళ్లు. మా మాస్టారు ఆ వారం పాఠాలు రద్దు చెయ్యలేదు. అందరి చేతా ఒక్క తీగ మీదే వాయించారు.

ఇప్పుడు నేను చేస్తున్న పని చెప్పి ముగిస్తాను. ఆల్మనాక్‌లోని ఆ మూడు స్కేళ్లు మనకు శంకరాభరణం, గౌరీమనోహరి, కీరవాణి. మనం పాఠం మొదలుపెట్టే మాయామాళవగౌళ అందులో లేదు. దానికి చక్రాలు నేనే రాయడం మొదలుపెట్టాను. స-గ-ప మామూలు మేజర్ కార్డ్, రి-మ-ద కూడా మేజరే, ఒక్క మెట్టు పైన. గ-ప-ని, మ-ద-స మైనర్లు. ద-స-గ దగ్గర స్వరాలు సాగి ఆగ్మెంటెడ్ అవుతుంది. ప-ని-రి, ని-రి-మ మాత్రం చెవికి కొరకరాని కొయ్యలు. ఆ రెంటినీ దాటి మళ్లీ స-గ-ప కి రావడానికి గిటార్ మీద మూడు దారులు దొరికాయి. వీణ మీద మూడు తీగలు కలిపి మీటి ఇది సాధ్యమా అన్నది ఇంకా తేలలేదు. వీణ విభాగం వాళ్లెవరైనా సరదాపడితే సంపాదకవర్గం ద్వారా కబురు చెయ్యండి, రాసినంతవరకు పంపిస్తాను. నొటేషన్ మన స్వరాల్లోనే ఉంది, పాశ్చాత్యుల స్టాఫ్ నొటేషన్ రాకపోయినా ఫరవాలేదు.