అమ్మ చెయ్యి, గోడ మీద వేళ్ళు
అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన రోజు చంక కింద ట్యూబు, దానికో డబ్బా, అందులో ఎర్రనీళ్ళు చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రోజూ ఒకే టైంకి కొలిచి నోట్‌బుక్‌లో రాశా, వరసగా 2 రోజులు 30 ఎం.ఎల్. లోపు వచ్చాకే డాక్టరు గారు తీశారు, ముందే తీసేస్తే లోపల నీరు చేరొచ్చంట. చెయ్యి లేపితే కుట్లు ఊడిపోతాయని అమ్మ భయం, కానీ అలా బిగబట్టుకుని కూర్చుంటేనే భుజం పట్టేస్తుంది, అందుకే ఫిజియో మేడం చూపించినట్టు గోడ మీద వేళ్ళు మెల్లగా పైకి పాకించడం, తల దువ్వుకోవడం రోజూ చేయించాం.

చంకలో లింఫ్ నోడ్స్ (ఒంట్లో ఊరే నీటిని వడకట్టే చిన్న గ్రంథులు) తీసేశారు కాబట్టి ఏళ్ళ తర్వాతైనా ఆ చెయ్యి వాయొచ్చు. గాజులు బిగుతైనా, చెయ్యి బరువనిపించినా వెంటనే చూపించండి, ప్లీజ్. నిన్న పై అరలో పచ్చడి సీసా అమ్మే దించుకుంది.