మా కాలేజీ వాలీబాల్ కోర్టు, వెనక్కి వెళ్లిపోయిన ఆరు లక్షలు

నిన్న సాయంత్రం కాంట్రాక్టరుకి చివరి చెక్కు ఇచ్చేసి ఇంటికొచ్చాను. పదకొండు నెలల టెన్షన్. మర్చిపోకముందే రాసి పెట్టాలనిపించింది, ఎందుకంటే మాలాగా కాలేజీ గ్రౌండు బాగుచేయించాలని బయల్దేరేవాళ్లు ఈ హైదరాబాదులో ఇంకా చాలామంది ఉంటారు.

మాది నగరం మధ్యలో ఉన్న ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ. నేను అక్కడ 1990ల్లో వాలీబాల్ టీమ్ కెప్టెన్‌ని. ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లకి ముందు చాదర్‌ఘాట్ విక్టోరియా ప్లేగ్రౌండుకి నడుచుకుంటూ వెళ్లి ప్రాక్టీసు చేసేవాళ్లం, ఎందుకంటే మా కాలేజీ కోర్టులో వాన పడితే నాలుగు రోజులు నీళ్లు నిలిచేవి. పోయిన ఏడాది మా పీడీ (ఆటలు నేర్పే) మేడమ్ రిటైర్మెంట్ ఫంక్షన్‌కి వెళ్లి చూస్తే అదే మట్టి, అవే తుప్పుపట్టిన పోళ్లు. ఆడపిల్లల నెట్ ఎత్తు 2.24 మీటర్లు ఉండాలి. అక్కడ కప్పీ బిగుసుకుపోయి, నెట్‌ని నైలాన్ తాడుతో కట్టారు. మధ్యలో నా గడ్డం దాకా వేలాడుతోంది. కోర్టు చుట్టూ మూడు మీటర్ల ఖాళీ ఉండాల్సిన చోట ఒకవైపు గోడ మీటరున్నర దూరంలోనే ఉంది. బంతి కోసం పరిగెత్తి గోడకి గుద్దుకున్న పిల్ల మోచేతి కట్టు నేను చూశాను.

ఏం కావాలని పిల్లల్నే అడిగాను. కోర్టు అంటారనుకున్నాను. నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక పిల్ల ముందు ఇది చెప్పింది: "మేడమ్, బాత్రూమ్‌కి గడియ లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకొని నిలబడాలె." అందుకే మా ఎస్టిమేట్‌లో మొదటి పద్దు బాత్రూమ్, బట్టలు మార్చుకునే గది: నాలుగు లక్షలు. కోర్టుకి ఆరున్నర, లైట్లకి రెండున్నర, పోళ్లు, నెట్టు, బంతులకి ఒకటి. మొత్తం పద్నాలుగు లక్షలు.

మేనేజ్‌మెంట్ తీర్మానం వారంలో వచ్చింది. పూర్వ విద్యార్థుల సంఘం ఎప్పుడో సొసైటీగా రిజిస్టరై ఉంది, పాన్, 80జీ (విరాళం ఇచ్చినవాళ్లకి ఇన్‌కంటాక్స్ మినహాయింపు వచ్చే గుర్తింపు) కూడా ఉన్నాయి. ఆ పనులు చేసి పెట్టిన పాత కార్యదర్శి గారికి దండం పెట్టాలి. విరాళాలకని వేరే ఖాతా తెరిచి, సంతకాలు ఇద్దరివి పెట్టించాను. ఇది ఎవరు చేసినా తప్పకుండా ఇలాగే చేయండి. ఒక్కరి సంతకం మీద డబ్బు పెట్టుకోవద్దు.

చందాలకి తిరగడం మొదలుపెట్టాక తెలిసింది, మన ఊళ్లో వాలీబాల్ అంటే జనానికి ఎంత చిన్నచూపో. "బ్యాడ్మింటన్ అయితే ఆలోచిద్దాం" అన్నవాళ్లు కనీసం ఆరుగురు. వాళ్లందరికీ ఒకటే చెప్పాను: సింధు అమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు. నాన్న రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు తీసుకున్నారు. ఈ మాట చెప్పాక ఇద్దరు అక్కడికక్కడే చెక్కు రాశారు.

కంపెనీల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అయిదు కోట్లు, ఆపైన నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ కూడా అందులో ఉంది. ఆ ఆశతో రెండు ఆఫీసులకి వెళ్లాం. ఒకచోట మేం ఇచ్చిన ఫైలు తెరవనే లేదు. రెండోచోట కోర్టు మధ్యలో వాళ్ల లోగో పెయింట్ చేయాలన్నారు. పిల్లలు కాళ్లు పెట్టి ఆడే నేల మీద ఎవరి గుర్తూ వేయించనని చెప్పి లేచి వచ్చేశాను. ఇప్పటికీ ఆ మాటకి నేను గర్వపడుతున్నాను.

చిన్న చందాలే నిలబెట్టాయి. క్యాంటీన్ నడిపే అన్న పదిహేను వందలు తెచ్చి ఇచ్చాడు. అన్నీ యాభైలు, ఇరవైలు, చెమటకి మెత్తబడిన నోట్లు. రెండు వేలు దాటితే నగదు తీసుకోలేదు, దానికి ఇన్‌కంటాక్స్‌లో 80జీ మినహాయింపు రాదు కాబట్టి. ఇచ్చినవాళ్ల పాన్ నంబరు అప్పుడే రాయించుకోండి. మే 31 లోపు పన్నుశాఖకి విరాళాల లెక్క పంపేటప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగడం నరకం.

ఇప్పుడు అసలు సంగతి.

మా బ్యాచ్‌లో అయిదుగురు అమెరికాలో ఉన్నారు. విషయం తెలియగానే వాళ్లలో వాళ్లు పోగేశారు. అయిదుగురి డబ్బూ ఒకళ్ల ఖాతాలో వేసుకుని, అక్కణ్ణుంచి ఒకేసారి మా సంఘం ఖాతాకి పంపారు. మన రూపాయల్లో 6,20,000. పంపింది నా పక్కన సెట్టర్‌గా, అంటే కొట్టేవాళ్లకి బంతి ఎత్తి ఇచ్చే చోట, ఆడిన అమ్మాయి. నా కంటే ఏడాది చిన్నది, నన్ను ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. శుక్రవారం ఆమె రసీదు ఫొటో పంపగానే నేను ఆనందం పట్టలేక వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. నూట ఎనభై మంది ఉన్న గ్రూపు. దండాలు, చప్పట్లు, పూలు.

సోమవారం బ్యాంకు నుంచి ఫోన్. లంచ్ టైమ్‌లో పర్మిషన్ తీసుకుని, మా కోశాధికారిని వెంటబెట్టుకుని వెళ్లాను. కౌంటర్ వెనకాల ఉన్న అధికారి నా వయసులో సగం ఉంటాడు. "మీ సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ ఉందా?" అన్నాడు. అదేమిటో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. అంతే, గొంతు పెంచాడు. "తెలియకుండా ఫారిన్ ఫండ్స్ ఎట్ల తెప్పించారు మేడమ్? ఇది కేసు అవుతది, తెలుసా? ఎవరు పంపారు? ఎందుకు పంపారు? మీకూ వాళ్లకీ ఏం సంబంధం?" లైన్లో ఉన్న పది, పన్నెండు మంది నా వైపు తిరిగారు. పాస్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చున్న ఒక పెద్దాయన తన కుర్చీ కొంచెం అటు జరుపుకున్నాడు. ఆ కుర్చీ కాళ్లు నేల మీద గీరుకున్న చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది.

ఆ తర్వాత గంటా నలభై నిమిషాలు స్టీలు కుర్చీలో కూర్చోబెట్టాడు. చివరికి, డబ్బు ఖాతాలో జమ చేయలేదనీ, కాగితాలు చూపించాలనీ ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు.

నేను 22 ఏళ్లుగా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటున్నాను. పింఛను తీసుకోవడానికి వచ్చి వేలిముద్ర పడక ఏడ్చే ముసలివాళ్లని చూశాను, ఫారం తప్పు నింపి మూడుసార్లు తిరిగినవాళ్లని చూశాను. ఒక్కరి మీదా గొంతెత్తలేదు. రూల్ ఉంటే రూల్ చెప్పాలి. చెప్పడానికి మెల్లటి గొంతు చాలు. కౌంటర్‌కి ఇవతల నిలబడ్డ మనిషికి మన ఉద్యోగం, మన మాన్యువల్ తెలియవు. తెలియకపోవడం దొంగతనం కాదు.

రూల్ ఏమిటో మర్నాడు మా వీధిలో ఉండే ఆడిటర్ గారు పది నిమిషాల్లో, టీ ఇచ్చి మరీ చెప్పారు. విదేశీ పౌరులు మన దేశంలోని సంఘానికి ఇచ్చే డబ్బు విదేశీ విరాళం. అది తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ దగ్గర ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే సంఘానికి మూడేళ్లు నిండి, గత మూడేళ్లలో తన పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మా సంఘం ఖర్చంతా ఏడాదికోసారి భోజనాలు, ఇద్దరు ముగ్గురు పిల్లల ఫీజులు. దగ్గరికి కూడా రాదు.

"మరి ఆ అమ్మాయి పుట్టింది నల్లకుంటలో కదండీ" అన్నాను.

"ఎక్కడ పుట్టినా ఇప్పుడు పాస్‌పోర్టు ఏ దేశానిదమ్మా?" అన్నారాయన.

అమెరికాది. ఆమెకి అక్కడి పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లయింది. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా చట్టం దృష్టిలో విదేశీయురాలే. మిగతా నలుగురివి ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టులు. వాళ్లు తమ సొంత డబ్బుని తమ ఖాతా నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ అందరిదీ కలిపి ఆమె ఖాతా నుంచి వచ్చింది కాబట్టి మొత్తం ఆగిపోయింది. డబ్బు అడిగే ముందు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. మీరు అడగండి. మొహమాటపడకుండా పాస్‌పోర్టు ఫస్ట్ పేజీ జిరాక్స్ తెప్పించుకోండి.

ఈలోగా గ్రూపులో మొదలైంది. "ఆరు లక్షలు వచ్చాయన్నారు, పని ఎప్పుడు?" అని ఒకరు. "లెక్కలు పెడితే బాగుంటుంది" అని ఇంకొకరు. నేను బ్యాంకులో కొంచెం ఆలస్యమవుతోందని రాశాను. పూర్తిగా రాయలేదు, కేసు అన్న మాట గుండెల్లో ఉంది. పంతొమ్మిదో రోజు రాత్రి మా బ్యాచ్‌మేట్ ఒకతను పెట్టాడు: "పోస్టాఫీసులో పనిచేసేవాళ్లకి డబ్బు తిప్పడం మనం నేర్పాలా?" దాని పక్కన నవ్వే బొమ్మ. కింద ఇద్దరు బొటనవేలు ఎత్తారు.

చపాతీలు చేస్తూ చదివాను. పెనం మీద చపాతీ మాడి ఇల్లంతా పొగ వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. మా ఆయన వచ్చి స్టవ్ ఆపారు. "ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చెయ్, మనకెందుకు" అన్నారు. రాలేదు. ఈ 22 ఏళ్లలో నా డ్రాయర్‌లో సాయంత్రం లెక్కకి ఒక్క రూపాయి తక్కువ పడలేదు. ఆ రాత్రే బ్యాంకు ఉత్తరం, ఖాతా స్టేట్‌మెంట్, ప్రతి రసీదు ఫొటోలు తీసి వరసగా గ్రూపులో పెట్టాను. మొత్తం 61 ఫొటోలు. తెల్లవారుజాము మూడైంది. పొద్దున్నకి పీడీ మేడమ్ ఒక్కరే జవాబిచ్చారు: "నా కెప్టెన్ లెక్క నాకు తెలుసు." ఆ బ్యాచ్‌మేట్ ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. ఎనిమిది వందలు ఇచ్చాడు. రసీదు పంపాను.

డబ్బు వెనక్కి పంపమని బ్యాంకుకి రాసిచ్చాను. మూడు వారాలు పట్టింది, చార్జీల కింద కొంత పోయింది. నలుగురూ ఎవరి ఖాతా నుంచి వాళ్లు మళ్లీ పంపారు, పాస్‌పోర్టు జిరాక్స్‌లతో సహా: 3,70,000.

మిగిలింది ఆమె వాటా, రెండున్నర లక్షలు. ఆమెకి చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. రాత్రి పదిన్నరకి చేశాను, అక్కడ పొద్దున. అంతా విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, అంటే నా డబ్బు మన కాలేజీకి పనికిరాదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం ఫోన్ పట్టుకుని ఏడ్చాం. వాళ్లమ్మ ఖాతాలో వేసి అక్కణ్ణుంచి తీసుకోవచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. దొడ్డిదారిన తెచ్చిన డబ్బుతో కట్టిన కోర్టులో నేను పిల్లలకి రూల్స్ చెప్పలేను.

ఇక్కడి చందాలు 7,80,000 అయ్యాయి. అదీ ఇదీ కలిపి 11,50,000. అంటే లైట్లు తప్ప అన్నీ. గోడని వెనక్కి జరపడానికి వీల్లేక కోర్టునే పక్కకి తిప్పాం, ఇప్పుడు నాలుగు వైపులా మూడు మీటర్లు ఉంది. నీళ్లు పోవడానికి వాలు పెట్టించి, పక్కనే కాలువ తీయించాం. మొన్న గంటసేపు దంచిన వానకి పరిగెత్తుకెళ్లి చూశాను. అరగంటలో నేల కనిపించింది.

బాత్రూమ్ తలుపుకి గడియ నేనే కొని తెచ్చాను, కోఠిలో, బరువైన ఇత్తడిది. బిగించాక ఆ నల్గొండ పిల్ల లోపలికి వెళ్లి గడియ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. బయట తలుపు పట్టుకోవడానికి ఎవరూ నిలబడలేదు.

మా సెట్టర్ సంక్రాంతికి వస్తానంది. డబ్బు తీసుకోలేకపోయినా ఆట నేర్పిస్తే తీసుకుంటామని చెప్పాను. వారం రోజులు పొద్దున్నే వచ్చి పిల్లలకి సెట్టింగ్ నేర్పుతుంది.

లైట్ల కోసం పైపులు నేలలో వేసేశాం. స్తంభాల గుంటల మీద ప్రస్తుతానికి షాబాద్ బండలు కప్పి ఉంచాం. చీకటి పడగానే ఆట ఆగిపోతోంది. లైట్లకి ఇప్పటిదాకా 1,10,000 వచ్చింది, ఇంకా 1,40,000 కావాలి. వచ్చే ఆదివారం మళ్లీ రసీదు పుస్తకం పట్టుకుని బయల్దేరుతున్నాను.