ఫ్లైఓవర్ కూల్చిన చోట

సియోల్ నడిబొడ్డున ఒకప్పుడు కింద పెద్ద రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్ ఉండేవి. రెండూ కలిపి రోజుకు లక్షన్నరకు పైగా బళ్ళు తిరిగేవి. ఆ ఫ్లైఓవర్‌ని కూల్చి, రోడ్డు తవ్వి, అడుగున కప్పెట్టిన ఏటిని మళ్ళీ బయటికి తీశారు. దాని పేరు చంగ్యేచన్. హైదరాబాద్‌లో మూసీ నదిని బాగుచేసే ప్రణాళిక కోసం తెలంగాణ మంత్రులు, అధికారులు 2024 అక్టోబర్‌లో వెళ్ళి చూసివచ్చింది దీన్నే. ఏళ్ళ తరబడి చాదర్‌ఘాట్ వంతెన మీద ట్రాఫిక్‌లో నిలబడ్డవాణ్ణి నేను. సియోల్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు రమ్మని పిలిచినప్పుడు, రాజుల కోటల సంగతి తర్వాత, ముందు ఆ ఏటి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను.

పడమటి చివర చంగ్యే ప్లాజా దగ్గర మెట్లు దిగాం. రోడ్డు మట్టానికి ఒక అంతస్తు కిందికి వెళ్ళగానే హారన్ల మోత తగ్గి నీటి చప్పుడు వినపడుతుంది. ఆఫీసుల వాళ్ళు భోజనాల వేళ చెప్పులు విడిచి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నగరం మధ్యలో పైసా ఖర్చు లేకుండా మనిషికి అలా కూర్చునే చోటు దొరకడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

కొంచెం ముందుకెళ్తే గ్వాంగ్‌తోంగ్ వంతెన. తేజోంగ్ రాజు తన సవతి తల్లి సమాధి రాళ్ళు తెప్పించి 1410లో దీన్ని కట్టించాడు. కొన్ని రాళ్ళ మీది బొమ్మలు ఇప్పటికీ తలకిందులుగానే ఉన్నాయి. ఏటిని తెరిచినప్పుడు వంతెనను పాత స్థానంలో పెడితే ట్రాఫిక్‌కు అడ్డమని ఎగువకు జరిపి నిలబెట్టారు. ఆరు వందల ఏళ్ళ వంతెన కూడా బళ్ళకే దారి ఇవ్వాల్సి వచ్చిందన్నమాట. ఇది నాకు నచ్చలేదు.

మధ్యలో పైకెక్కి గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌లో తిన్నాం. పెసరపప్పు రుబ్బి నూనెలో వేయించే బిందేతోక్ మన పెసరట్టుకు మందపాటి అన్న లాంటిది. అల్లం పచ్చడి ఒక్కటే తక్కువ.

మళ్ళీ దిగి నడుస్తుంటే గోడల నిండా తలుపుల్లాంటి రేకులు కనిపించాయి. ఏటికి రెండు పక్కలా అడుగున మురుగు కాలువలున్నాయి. పెద్ద వాన పడి అవి నిండితే ఈ తలుపులు తెరుచుకుని నీళ్ళు ఏట్లోకి వస్తాయి. అందుకే వాన మొదలవగానే జనాన్ని పైకి పంపేస్తారు. మామూలు రోజుల్లో పారేది ఏటి సొంత నీళ్ళూ కావు. హాన్ నది నుంచి, మెట్రో సొరంగాల్లో ఊరే నీటి నుంచి రోజుకు సుమారు 1.2 లక్షల టన్నులు మోటార్లతో తోడి ఏట్లోకి వదులుతారు. అక్కడి పర్యావరణవాదుల విమర్శ కూడా దీని మీదే. మూసీ సంగతి వేరు. అది నిజంగా నది, పైగా మన మురుగంతా మోస్తోంది. మోటార్లు పెట్టి పారించినంత సులువుగా దాన్ని బాగుచేయలేం.

ఇంత పెద్ద రోడ్డు తీసేస్తే నగరం స్తంభించిపోలేదా అని మావాణ్ణి అడిగాను. "మన కాళ్ళ కింద నీళ్ళు చూస్తున్నారు గానీ పెదనాన్నా, పైన బస్సుల్ని చూడండి" అన్నాడు. 2003 జులైలో కూల్చడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి, 2004 జులై 1న, సియోల్ బస్సుల వ్యవస్థ మొత్తాన్ని మార్చేశారు. పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకే వేరే దారులు, రూట్లను బట్టి రంగులు, బస్సు దిగి మెట్రో ఎక్కినా మొత్తం దూరానికే టికెట్. ఏటికి సమాంతరంగా జోంగ్నో రోడ్డు కింద మెట్రో ఎప్పటినుంచో ఉంది. 2005 అక్టోబర్ 1న ఏటిని తెరిచే నాటికి జనం ప్రయాణానికి వేరే దారి సిద్ధంగా ఉంది. నది పక్క రోడ్డును మార్చాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది ఈ క్రమాన్నే.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఫొటోల్లో కనపడదు. ప్యోంగ్వా మార్కెట్ దగ్గరి వంతెన మీద చోన్ తే-ఇల్ విగ్రహం ఉంది. కుట్టుపని కార్మికుల కోసం 1970 నవంబర్ 13న నిప్పంటించుకుని చనిపోయిన 22 ఏళ్ళ కుర్రాడు. ఫ్లైఓవర్ కింద, ఆ చుట్టుపక్కల బతికింది అలాంటివాళ్ళే. దుకాణదారులతో వేలసార్లు చర్చలు జరిపామని నగరపాలకులు చెప్తారు. ఫుట్‌పాత్ వ్యాపారులను మాత్రం తోంగ్‌దేమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నాళ్ళకే అక్కడ డిజైన్ ప్లాజా కట్టాలని స్టేడియాన్నీ కూల్చారు. 2008లో వాళ్ళను సిన్‌సోల్-దోంగ్‌లోని మార్కెట్‌కు తరలించారు.

అక్కడికీ వెళ్ళాం. పాత రేడియోలు, పానాలు, వాచీలు అమ్ముతున్న ఒక పెద్దాయనతో మావాడు మాట్లాడాడు. రెండుసార్లు చోటు మారాక పాత గిరాకీ సగం రాలేదన్నాడాయన. ఏరు బాగుందా అని అడిగితే, బాగుంది, మా మనవలు ఆడుకుంటారు అన్నాడు. రెండు మాటలూ నిజమే. 2024లో చాదర్‌ఘాట్ దగ్గర, మూసీ కోసం తొలగించాలనుకున్న ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో రాసిన 'ఆర్‌బీ-ఎక్స్' గుర్తులు నాకు గుర్తొచ్చాయి. ఆ గుర్తు వేసే ముందే ఆ ఇంటివాళ్ళ చేతిలో కొత్త ఇంటి తాళం పెట్టాలి. పిల్లల బడికి, ఆడవాళ్ళ పనికి దగ్గరగా ఉండే ఇల్లు అయ్యుండాలి. నది పక్కన నడక దారి ఏ రాయితో వేయాలో తర్వాత మాట్లాడుకోవచ్చు.

వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. అందరూ మొదలుపెట్టే ప్లాజా వైపు నుంచి కాకుండా తూర్పు నుంచి నడవండి. మెట్రో 2వ లైన్‌లో యోంగ్దు స్టేషన్‌లో దిగితే చంగ్యేచన్ మ్యూజియం నడిచేంత దూరమే. సోమవారం సెలవు. మేం వెళ్ళినప్పుడు ఎదురుగా ఏటి గట్టున ఒకప్పటి గుడిసెల నమూనాలుండేవి. కొంచెం ఎగువన, జ్ఞాపకంగా ఉంచేసిన మూడు ఫ్లైఓవర్ స్తంభాలు నీళ్ళలో నిలబడి ఉంటాయి. సిన్‌సోల్-దోంగ్ మార్కెట్ కూడా ఆ చుట్టుపక్కలే. మనవాళ్ళు ఇంకోసారి అధ్యయనానికి వెళ్తే, అధికారులతో పాటు మూసీ ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళను ఇద్దరినైనా వెంట తీసుకెళ్ళి ఆ మార్కెట్‌లో మాట్లాడించాలి.